లైమ్ బ్యాక్టీరియా చర్మం కళ్లు గప్పేది ఎలా? ముందు పిడుదు ఉమ్మి గురించి మాట్లాడుకోవాలి

ప్రొద్దుటూరు దగ్గర పల్లె నుంచి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివే అబ్బాయి అడిగింది క్లుప్తంగా ఇదీ. వాళ్ల అక్క న్యూజెర్సీలో ఉంటుంది. ఇంటి వెనక చెట్లలో పిల్లవాడితో ఆడుకుని వచ్చిన పది రోజులకు తొడ వెనక ఎర్రమచ్చ లేచి రోజురోజుకూ పెద్దదవుతూ పోయింది. డాక్టరు చూడగానే లైమ్ అని, అంటే పిడుదు కాటుతో అంటే బ్యాక్టీరియా జబ్బు అని, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాసిచ్చాడు, రక్త పరీక్ష మాత్రం నెగటివ్ వచ్చింది. "చర్మం నిండా కాపలా కణాలు ఉంటాయని చదువుతున్నాం కదా సార్, ఇది చర్మంలోంచే దూరి రోజుల తరబడి అక్కడే తిరుగుతుంటే ఒక్కటీ పట్టుకోలేదా? అక్కకు ఇమ్యూనిటీ తక్కువా? మా గొర్రెలకు పట్టే పిడుదులతో కూడా ఇది వస్తుందా?"

నువ్వు అంటున్నానని ఏమనుకోకు నాయనా, నీ వయసు పిల్లలకు ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి, అంతకు ముందు అనంతపురం పల్లెల్లో పశువుల డాక్టరుగా తిరిగినవాణ్ణి. అక్క సంగతి ముందే చెప్పేస్తాను: పరీక్ష నెగటివ్ వచ్చిందంటే ఆమెకు ఇమ్యూనిటీ తక్కువని కాదు, ఆ డాక్టరు తొందరపడ్డాడనీ కాదు. ఎందుకో కింద వస్తుంది.

మన పాఠ్యపుస్తకాల్లో ఈ అధ్యాయం తెరిస్తే అంతా బొరీలియా బర్గ్‌డార్ఫెరై, అంటే లైమ్ తెచ్చే బ్యాక్టీరియా, తెలివితేటలే. అది దాక్కుంటుంది, ఇది మార్చుకుంటుంది, అది మోసం చేస్తుంది. తప్పని అనను. కానీ మొదటి రెండు మూడు రోజుల్లో జరిగే మోసంలో సగం పని పిడుదు చేసిపెడుతుంది, పేరు మాత్రం బ్యాక్టీరియాకు వస్తుంది. పిడుదును పక్కనపెట్టి చదివితే నీ ప్రశ్నకు జవాబు దొరకదు.

కళ్యాణదుర్గం వైపు ఒక ముసలి గొర్రెల కాపరి నాతో అన్న మాట ఒకటుంది. "దోమ కుడితే కొడతాము సార్, గండుచీమ కుడితే ఎగురుతాము, పిడుదు పట్టింది తెలీదు, కడుపు నిండి రాలినాక తెలుస్తాది." ఒకసారి నల్లమల క్యాంపు నుంచి తిరిగొచ్చి రెండు రోజులు డ్యూటీ చేసుకున్నాక, స్నానం చేస్తుంటే మోకాలి వెనక ఒకటి వేలికి తగిలింది. పల్లేరుకాయ గుచ్చుకుంటే ప్రాణం పోయినట్టు అరిచేవాణ్ణి, మరి రెండు రోజులు చర్మంలోకి ముళ్లనోరు దించి రక్తం తాగుతుంటే నాకు తెలియకపోవడమేమిటి? నీ ప్రశ్న కూడా అక్కడే మొదలవుతుంది.

దోమ నిమిషాల్లో తాగి లేచిపోతుంది కాబట్టి దానికి మన ఇమ్యూనిటీతో పెద్ద పేచీ లేదు. లైమ్‌ను మోసే ఐక్సోడిస్ జాతి పిడుదు మాత్రం 3 నుంచి 7 రోజులు ఒకేచోట ఉండాలి. అమెరికాలో మనుషులకు ఎక్కువగా అంటించేది దాని పిల్ల దశ, గసగసం గింజంత ఉంటుంది, తొడ వెనక కూర్చుంటే పుట్టుమచ్చ అనుకుంటారు. అన్ని రోజులు ఒకేచోట ఉండాలంటే మనిషికి నొప్పి తెలియకూడదు, దురద పుట్టకూడదు, రక్తం గడ్డకట్టకూడదు, తెల్లకణాలు వచ్చి ఆ చోటును వాపెక్కించి గట్టిపరచకూడదు. ఈ నాలుగింటికీ దాని ఉమ్మిలో మందులున్నాయి. నొప్పి పుట్టించే బ్రాడికైనిన్‌ను విరగ్గొట్టే ఎంజైము ఉంది, రక్తనాళాలను వదులుచేసే ప్రోస్టాగ్లాండిన్ ఉంది, గడ్డకట్టకుండా ఆపేవి ఉన్నాయి. గాయమైన చోట మన కణాలు "ఇటు రండి" అని వదిలే కెమోకైన్లను దారిలోనే పట్టేసే ప్రోటీన్లు కూడా పిడుదుల్లో ఉన్నాయి, వాటికి ఎవాసిన్లు అని పేరు. ఈ ఎవాసిన్లను మొదట కనిపెట్టింది ఎక్కడో అమెరికా అడవి పిడుదులో కాదు, మన వీధికుక్క చెవిలో గుత్తులు గుత్తులుగా కనిపించే గోధుమరంగు పిడుదులో. అవి తెల్లకణాలను పిలిచే కేకను గొంతులోనే నొక్కేస్తాయి.

ఇక్కడ ఒక లెక్క చూడు. ఆకలితో ఉన్న పిడుదులో బ్యాక్టీరియా ఉమ్మిలో ఉండదు, పేగులో ఉంటుంది. ఓస్ప్-ఎ అనే ప్రోటీనుతో పేగు గోడకు అతుక్కుని నెలల తరబడి కదలకుండా పడి ఉంటుంది. పిడుదు కరిచి వేడి రక్తం లోపలికి దిగినప్పుడు ఉష్ణోగ్రత మారుతుంది, ఆమ్లత్వం మారుతుంది, అప్పుడు అది మేలుకుని ఓస్ప్-ఎ తగ్గించి ఓస్ప్-సి అనే వేరే ప్రోటీనును పైన తొడుక్కుని, సంఖ్య పెంచుకుని, పేగు గోడ దాటి ఉమ్మి గ్రంథుల దాకా వస్తుంది. దీనికంతా టైము పడుతుంది. సాధారణంగా 36 నుంచి 48 గంటలు దాటాకే మనిషికి చేరే అవకాశం బాగా పెరుగుతుంది. అందుకే అమెరికాలో పిడుదును 24 గంటల్లోపు పీకేయమని అంత గట్టిగా చెబుతారు. అంటే బ్యాక్టీరియా చర్మంలో కాలుపెట్టే వేళకే ఆ చోటు ఒకటిన్నర, రెండు రోజులుగా ఉమ్మిలో నానుతూ ఉంది. తలుపు తీసి, కుక్కను కట్టేసి, లైటు ఆర్పేసిన ఇంట్లోకి దొంగ వచ్చాడన్నమాట. "కాపలా ఎందుకు పట్టుకోలేదు" అని నువ్వు అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇదే.

వచ్చేటప్పుడు ఒట్టిగా రాదు. ఉమ్మిలో సాల్ప్15 అని ఒక ప్రోటీను ఉంది. అది ఇమ్యూనిటీని నడిపించే తెల్లకణాలైన మన సీడీ4 టి-కణాలకు అతుక్కుని వాటిని చైతన్యం కాకుండా ఆపుతుంది. అదే ప్రోటీను బ్యాక్టీరియా ఒంటిమీది ఓస్ప్-సికి కూడా అతుక్కుంటుందని 2005లో బయటపడింది. అంటే బ్యాక్టీరియా పిడుదు ఉమ్మినే దుప్పటిలాగా కప్పుకుని చర్మంలోకి దిగుతుంది, ఆ దుప్పటి మీదుగా యాంటీబాడీలు దాన్ని సరిగా పట్టుకోలేవు. ఓస్ప్-సి ఎంత ముఖ్యమో తెలుసుకోవడానికి ఆ జన్యువు తీసేసిన బ్యాక్టీరియాను ఎలుకల చర్మంలోకి ఎక్కించి చూశారు, రెండు రోజుల్లో ఆనవాలు లేకుండా పోయింది. చూశావా, చర్మం చేతకానిదేమీ కాదు. దుప్పటి లేకుండా వచ్చినవాణ్ణి 48 గంటల్లో తుడిచిపెట్టేస్తుంది.

ఇక కాంప్లిమెంట్ వ్యవస్థ, మన రక్తంలోని కాపలా ప్రోటీన్ల దండు. ఇది పరీక్షల్లో పిల్లలను ఏడిపించే చాప్టరు, నాకు మాత్రం చాలా ఇష్టం. రక్తంలో, కణజాల ద్రవంలో 30కి పైగా ప్రోటీన్లు ఎప్పుడూ తిరుగుతూ ఉంటాయి, పరాయి కణం కనిపిస్తే ఒకదాని వెనక ఒకటి దాని మీద పేరుకుని చివరికి పొరకు బొక్క పెట్టేస్తాయి. వాటికి కళ్లు లేవు, మన కణమా పరాయిదా అని చూసి ఆగే తెలివి లేదు. మన కణాలు ఎలా తప్పించుకుంటాయంటే, ఫ్యాక్టర్ హెచ్ అనే ప్రోటీనును ఒంటిమీద నిలుపుకుంటాయి, అది ఉన్నచోట కాంప్లిమెంట్ ఆగిపోతుంది. మన కాపరులు తమ మందలోని గొర్రెలకు వీపు మీద ఎర్రరంగో నీలంరంగో పూస్తారు కదా, సాయంత్రం మందలు కలిసిపోయినా ఆ రంగు చూసి ఎవరివి వాళ్లు తోలుకుపోతారు. ఫ్యాక్టర్ హెచ్ ఆ రంగు. బొరీలియా ఒంటిమీద సీఎస్‌పీ-ఎ, సీఎస్‌పీ-జెడ్, ఇంకా ఈఆర్‌పీ అనే గుంపు ప్రోటీన్లు ఉన్నాయి, ఇవి మన రక్తంలో తిరిగే ఫ్యాక్టర్ హెచ్‌ను లాక్కుని తన వీపుకు పూసుకుంటాయి. మన రంగే పూసుకున్న నక్కను చూసి మన కుక్క ఎందుకు అరుస్తుంది?

అది చాలదన్నట్టు ఇంకొకటి కూడా ఉంది, బీబీకే32. కాంప్లిమెంట్‌కు మూడు దారులు అని చదివావు కదా, అందులో క్లాసికల్ దారి సీ1 అనే సముదాయంతో మొదలవుతుంది, ఈ బీబీకే32 పోయి నేరుగా అందులోని సీ1ఆర్‌ను పట్టుకుంటుంది. బోరు మోటారును ఆపడానికి బావిలోకి దిగనక్కర్లేదు, స్టార్టరు డబ్బాలో ఫ్యూజు పీకితే చాలు, అదీ కథ. మిగతా రెండు దారుల సంగతి? వాటిలో ఒకదాన్ని పిడుదు ఉమ్మిలోని సాల్ప్20, ఇంకొకదాన్ని టీఎస్ఎల్‌పీఐ అనే ప్రోటీను చూసుకుంటాయి. మూడు దారులకూ మనుషులను పెట్టారు, ఒకటి బ్యాక్టీరియా తరఫున, రెండు పిడుదు తరఫున. నేను మొదట చెప్పింది ఇదే.

దాని ఒంట్లో లేనివి కూడా దానికి కలిసొచ్చాయి. ఈ.కోలి లాంటి వాటి పైపొర మీద ఉండే ఎల్‌పీఎస్ అనే కొవ్వు-చక్కెర పదార్థం దీనికి లేదు, అది కనబడితే మన కణాలు వెంటనే గగ్గోలు పెడతాయి. ఈత కొట్టే తోకలు, అంటే ఫ్లాజెల్లాలు, ఇతర బ్యాక్టీరియాలకు బయట వేలాడుతుంటాయి, మన కణాల మీద క్రిములను పసిగట్టే టీఎల్ఆర్ అనే ప్రోటీన్లలో ఒకటైన టీఎల్ఆర్-5 వాటిని గుర్తుపడుతుంది. దీనికి తోకలు రెండు పొరల మధ్య లోపల చుట్టుకుని ఉంటాయి, బయటికి కనబడవు. అవే లోపల తిరిగి ఒళ్లంతా అలలాగా కదిలిస్తాయి. పుస్తకాల్లో దీన్ని స్క్రూ ఆకారం అని బొమ్మ వేస్తారు, నిజానికి ఇది పాములాగా ఒకే తలంలో అలలు పోయే జీవి, పరీక్షలో మాత్రం నీ పుస్తకంలో ఉన్నట్టే రాయి. ఇంకొకటి, క్రిములు ఇనుము లేక మాడిపోవాలని మన ఒళ్లు ఇనుమును దాచిపెడుతుంది, ఇది ఇనుమే వద్దనుకుని మాంగనీసుతో బండి నడుపుకుంటుంది. ఎన్నాళ్లు పాఠం చెప్పినా ఈ మాట దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగేవాణ్ణి, తిండి బంద్ పెట్టినా పనిచేయని శత్రువు అని.

మరి ఇన్ని ఉంటే చర్మానికి అది అసలు కనబడనే కనబడదా అంటే, అలా కూడా కాదు. బొరీలియా పైపొర నిండా లైపోప్రోటీన్లు, అంటే కొవ్వు తగిలిన ప్రోటీన్లు, ఉంటాయి, వాటిని టీఎల్ఆర్-2 బాగానే పసిగడుతుంది. కొన్ని రోజులకు పిడుదు రాలిపోతుంది, ఉమ్మి మత్తు దిగుతుంది, అప్పుడు క్రిములను మింగే మాక్రోఫేజ్‌లు, కబురు మోసే డెండ్రిటిక్ కణాలు, టి-కణాలు వస్తాయి. కానీ ఆపాటికి బ్యాక్టీరియా అక్కడ లేదు. అది మన రక్తంలోని ప్లాస్మినోజెన్ అనే ప్రోటీనును ఒంటికి పట్టించుకుని దాంతోనే కణజాలాన్ని కోసుకుంటూ, న్యూట్రోఫిల్ అనే తెల్లకణం పాకే వేగం కంటే ఎన్నో రెట్లు వేగంగా ఈదుకుంటూ చుట్టూ విస్తరిస్తుంది, చర్మంలోని కొల్లాజెన్ పోగులను అంటిపెట్టుకున్న డెకోరిన్ అనే ప్రోటీనుకు అతుక్కుని అక్కడక్కడా సర్దుకుంటుంది. వేసవిలో కొండ మీద ఎండు బోదకు నిప్పంటుకుంటే రాత్రి కిందనుంచి చూశావా ఎప్పుడైనా? మంట నడిమధ్యన ఉండదు, అంచున వలయంలాగా బయటికి పాకుతుంటుంది. మీ అక్క తొడ మీద మచ్చ పెరగడం కూడా అదే. ఆ ఎరుపు బ్యాక్టీరియా రంగు కాదు, దాన్ని తరుముతూ వచ్చిన మన ఇమ్యూనిటీ రంగు. ఆలస్యంగా వచ్చింది కాబట్టి వెనక పడింది, అంతే.

మచ్చ గురించి ఒక మాట, అక్కకు కూడా చెప్పు. ఫోటోల్లో చూపించే బాణాల గురిలాంటి మచ్చ, మధ్యలో తెలుపు చుట్టూ ఎరుపు, అమెరికా కేసుల్లో సగం కంటే తక్కువ మందికే వస్తుంది, ఎక్కువమందికి అంతా ఒకే ఎరుపుగా ఉంటుంది. మనలాంటి చామనఛాయ, నలుపు చర్మం మీద అది ఎరుపుగా కూడా కనబడకపోవచ్చు, దెబ్బ తగిలి కమిలినట్టు ఉంటుంది, అందుకే నల్లచర్మం వాళ్లలో ఇది దొరకడం ఆలస్యమవుతుంది. కరిచిన ఒకటి రెండు రోజుల్లోనే వచ్చి 5 సెంటీమీటర్లు దాటకుండా తగ్గిపోయే ఎరుపు మామూలుగా ఉమ్మికి అలర్జీ మాత్రమే. లైమ్ మచ్చ 3 నుంచి 30 రోజుల మధ్య లేచి 5 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది.

ఇప్పుడు నెగటివ్ పరీక్ష. ఆ పరీక్ష బ్యాక్టీరియాను వెతకదు, దానికి వ్యతిరేకంగా మన ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీలను వెతుకుతుంది. మొదలే కాపలావాళ్లకు మత్తు పెట్టారు, డెండ్రిటిక్ కణాలు లింఫ్ గ్రంథికి కబురు తీసుకుపోవడం ఆలస్యం, అక్కడ బి-కణాలు పెరిగి యాంటీబాడీలు రక్తంలో లెక్కకు వచ్చేసరికి రెండు నుంచి నాలుగు వారాలు. మచ్చ ఒక్కటే ఉన్న దశలో సగం మందికి పైగా నెగటివే వస్తుంది. అందుకే అక్కడి డాక్టర్లు పిడుదులున్న ప్రాంతంలో సరైన మచ్చ కనబడితే పరీక్ష కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు. మందు త్వరగా పడితే యాంటీబాడీలు అసలు తయారవకుండానే పోవచ్చు, కాబట్టి రెండు నెలలకు మళ్లీ నెగటివ్ వచ్చినా టెన్షన్ పడొద్దని చెప్పు. కోర్సు మాత్రం మధ్యలో ఆపకూడదు. జ్వరం, ముఖం ఒకవైపు వంకర పోవడం, గుండె దడ, మోకాలు వాపు, వీటిలో ఏది వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

యాంటీబాడీలు వచ్చాక కూడా కథ అయిపోదు, కానీ నువ్వు అడిగింది తొలిదశ గురించి కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఓస్ప్-సికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవగానే బ్యాక్టీరియా ఓస్ప్-సి చొక్కా విప్పేసి వీఎల్ఎస్-ఈ అనే ఇంకో చొక్కా వేసుకుంటుంది. ఆ జన్యువు పక్కనే 15 మూగ ముక్కలు ఉన్నాయి, వాటిలోంచి చిన్న చిన్న పేలికలు తీసి అతికించుకుంటూ మా అవ్వ బొంత కుట్టినట్టు ఎప్పటికప్పుడు కొత్త అతుకులు వేసుకుంటుంది. ఈ కుట్టుపని పిడుదులో జరగదు, గాజుగొట్టంలో జరగదు, క్షీరదాల ఒంట్లోనే జరుగుతుంది.

పశువుల డాక్టరుగా నాకు ఎప్పుడూ గుర్తొచ్చే సంగతి ఒకటుంది. ఒకే కొట్టంలో ఒంగోలు ఎద్దును, జెర్సీ క్రాసు ఆవును పక్కపక్కన కట్టేస్తే, పిడుదులు ఆవు పొదుగు చుట్టూ ద్రాక్షగుత్తుల్లాగా వేలాడుతుంటాయి, ఎద్దు మీద ఏవో నాలుగు. నాటుపశువుల చర్మం ఆ ఉమ్మిని తొందరగా గుర్తుపట్టి దురద పుట్టించుకుంటుంది, నాకుతాయి, రుద్దుకుంటాయి, పిడుదు నిలవదు. ఇదే ఆలోచన ఇప్పుడు టీకాల వైపు పోయింది. 2021లో పిడుదు ఉమ్మిలోని 19 ప్రోటీన్లకు కలిపి ఎంఆర్ఎన్ఏ టీకా తయారుచేసి గినీ పందులకు వేస్తే, పిడుదు కరిచిన చోటు త్వరగానే ఎర్రబడి పిడుదులు కడుపు నిండకుండానే ఊడిపోయాయి. బ్యాక్టీరియా మీద కాదు, ఉమ్మి మీద టీకా. అంతకు ముందు అమెరికాలో 1998లో మనుషులకు వచ్చిన లైమ్ టీకా కూడా ఓస్ప్-ఎ మీదే, అంటే మన రక్తంలోని యాంటీబాడీలు పిడుదు పేగులోకే పోయి బ్యాక్టీరియాను అక్కడే చంపడం. మంచి ఆలోచన, కానీ 2002లో కంపెనీ దాన్ని మార్కెట్ నుంచి తీసేసింది. ఏదేమైనా చర్మంలో తలపడడం కంటే పిడుదులోనే తలపడడం సులువని వాళ్లకు కూడా అర్థమైందన్నమాట. చెమటలో ఉండే ఒక ప్రోటీను, ఎస్‌సీజీబీ1డీ2, బొరీలియా పెరుగుదలను ఆపుతుందని 2024లో చూపించారు. మన అనంతపురం ఎండల్లో చెమటకైతే కొదవ లేదు, కానీ చెమట పడుతోంది కదా అని చెట్లలోకి నిక్కరేసుకుని పోవద్దని అక్కకు చెప్పు.

చివరిగా మీ గొర్రెల సంగతి. మన వైపు గొర్రెలకు, బర్రెలకు, కుక్కలకు పట్టేవి ఎక్కువగా హయలోమా, హీమాఫైసాలిస్, రిపిసెఫాలస్ జాతులు. ఇవి లైమ్‌ను మోసే పిడుదులు కావు. లైమ్‌కు కావలసిన ఐక్సోడిస్ మన దేశంలో ఎక్కువగా హిమాలయాల వైపు, ఈశాన్య రాష్ట్రాల వైపు ఉంటుంది. కడపలో గొర్రెలు కాసుకునేవాళ్లు లైమ్ గురించి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. మన దగ్గర జ్వరంతో పాటు చంకలోనో గజ్జల్లోనో బీడీతో కాల్చినట్టు నల్లటి పొక్కు కనబడితే మొదట అనుమానించాల్సింది స్క్రబ్ టైఫస్ అనే జ్వరాన్ని. అది పిడుదుతో కాదు, కంటికి సరిగా ఆనని చిగర్ అనే పురుగు పిల్ల (మంచం నల్లి కాదు) కరిస్తే వస్తుంది, ఆ పొక్కు నొప్పి కూడా పెట్టదు కాబట్టి రోగి దాన్ని చెప్పనే చెప్పడు, బట్టలు తీసి వెతకాలి. దానికి కూడా మందు డాక్సీసైక్లినే, ఆలస్యమైతే మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది.

లైమ్ లేదు కదా అని మీ నాన్న గొర్రెల పిడుదులను పీకి గోళ్ల మధ్య చిదమడం మాత్రం ఆపమను. మన కాపరులందరికీ ఉన్న అలవాటే అది. హయలోమా పిడుదుల నుంచి క్రిమియన్-కాంగో జ్వరం అనే ప్రమాదకరమైన వైరస్ జబ్బు మనుషులకు వస్తుంది, 2011లో గుజరాత్‌లో బయటపడింది, పిడుదును చిదిమినప్పుడు చేతికి అంటినా రావచ్చు. మనిషికి పట్టిన పిడుదు మీద కిరసనాయిలు పోయడం, బీడీతో కాల్చడం వద్దు, అది బెదిరి ఉమ్మిని ఇంకా లోపలికి కక్కుతుంది. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి, నోటి దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గొర్రెలకైతే పశువుల ఆసుపత్రిలో పిడుదుల మందు ఇస్తారు. డబ్బా మీద రాసినంతే నీళ్లలో కలపమను, ఎక్కువ పోస్తే పిడుదుల కంటే ముందు గొర్రె పడిపోతుంది.